రెండూ ఎడమ చేతులే

ముసలి దర్జీ తాను కత్తిరించిన చొక్కా ముక్కలను బల్లమీద పేర్చి, భార్యవైపు చూసి మొహం చిట్లించాడు.

“రెండూ ఎడమ చేతులే! ఏ వెధవ కత్తిరించాడే ఇవి?”

“మీరే. షుగరు ఏళ్ల తరబడి ముదిరితే మెదడులో సన్నటి రక్తనాళాలు దెబ్బతిని మతిమరుపు వస్తుందని డాక్టరమ్మ చెప్పలేదూ?”

“గుండీ కుట్టడం రాని ఆ డాక్టరు పిల్ల, నా బుర్రకి కొలత తీస్తుందా!”

“మాత్రలు కిటికీలోంచి విసిరేసే మహానుభావుడి బుర్రకి కొలతెందుకు?”

“చాల్లే. ఇంతకీ ఈ చొక్కా పొట్ట ఏ బస్తాగాడిది?”

“మీదేనండీ. పొద్దున అద్దం ముందు మీరే కొలుచుకున్నారు.”

అతను చొక్కా ముందుభాగం ముక్కను ఒంటికి ఆనించుకున్నాడు. అచ్చంగా సరిపోయింది. కత్తెరను ఆమెవైపు జరిపాడు.

“ఆ మాత్ర ఇలా తే. కుడి చెయ్యి నువ్వు కత్తిరించు.”