గీత వైపు

విదేశీ ఫుట్‌బాల్ క్లబ్బుల్లో ఏళ్ళ తరబడి ఆడి సొంత క్లబ్బుకు తిరిగొచ్చిన, మైదానం అంచున ఆడే వింగర్ బెంచీ మీద కూర్చుని బూట్లు విప్పుతున్నాడు. చిన్నప్పుడు అతనికి ఆట నేర్పిన కోచ్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"రేపు నువ్వు కుడి వింగులో ఆడాల్రా."

"నా వల్ల కాదు మాస్టారూ. ఎడమ వైపైతేనే ఆడతాను."

"పెద్ద పేరొచ్చిందని బెట్టు చేస్తున్నావా?"

"అది కాదు. నాకు పుట్టినప్పటి నుంచీ ఎడమ కన్ను కనపడదు. ఎడమ వింగులో ఆ పక్కన మైదానం గీత తప్ప ఇంకేం ఉండదు కదా. ఆటంతా కుడి కంటి వైపే."

కోచ్ వంగి అతని ఎడమ కంట్లోకి చూశాడు.

"మరి ఆ విదేశీ క్లబ్బుల కంటి పరీక్షలో ఎలా గట్టెక్కావు?"

"ఎడమ చేత్తో ఎడమ కన్ను మూసేవాణ్ణి. రెండోది మూయమంటే కుడి చేత్తో మళ్ళీ దాన్నే మూసేవాణ్ణి."

"ఓరి నీ దుంప తెగ! నాకైనా చెప్పొద్దూ?"

"చెబితే ఆడించేవారా?"

కోచ్ అతని ఎడమ పక్కన, బెంచీ చివర కూలబడ్డాడు.

"నువ్వు వెళ్ళిన రోజు బస్సు దగ్గర చెయ్యి చాపాన్రా. చూసీ చూడనట్టు ఎక్కేశావు. పొగరు తలకెక్కిందని ఇన్నేళ్ళూ తిట్టుకున్నాను."

"మీరొచ్చారా? రాలేదనే ఏడుస్తూ ఎక్కాను. ఏ పక్కన నిలబడ్డారు మాస్టారూ?"

కోచ్ లేచి, అతని కుడి పక్కకు వచ్చి కూర్చున్నాడు.