రాజమల్లు చేసిన పీడీఎఫ్

కరోనా రెండో ఏడు సూరత్‌ల లింబాయత్ గల్లీల సారక్క చాయ్ కొట్టు షట్టర్ సగమే లేస్తుండె. దాని కింద వంగి లోపలికొచ్చినోళ్లు ముందుగాల చూసేది, రాజమల్లు కుర్చీల ఉన్నడా లేడా అని. ఉంటే చాయ్ అయిపోయినా లేవనియ్యడు. చీరెల గోదాంల మడతలు పెట్టి లేబుళ్లు అంటించే పని ఆయనది. చేతుల పని బందైనంక నోటి పని మొదలైతదని ఆయనకు గూడ ఎర్కే. ఎర్కున్నంత మాత్రాన ఆగుతదా?

ఆ దినం ఎదురుంగ కూసున్నది సంపత్. సాంచల మీద బట్ట నేసే పిలగాడు. శుక్రవారం సిరిసిల్లల లగ్గం, పెండ్లికొడుకు తనే. లాక్‌డౌన్ల తెలంగాణల కాలు పెట్టాలంటే పాస్ గావాలె, పాస్ గావాల్నంటే పెండ్లికార్డు కంప్యూటర్ల పంపాలె. జిరాక్సు దుకాణంల టైపు చేపిచ్చిన తెలుగు కార్డు ఆడ మంచిగనే కనబడ్డది. ఇంకో కంప్యూటర్ల తెరిస్తే అక్షరాలన్నీ డబ్బాలు డబ్బాలు. "వర్డుల పంపితె గట్లనే అయితదిరా, ఆ అక్షరాలు జిరాక్సు దుకాణం దాటి రావు. పీడీఎఫ్ చెయ్యాలె. అండ్ల ఎక్కడి అక్షరం అక్కడ్నే కుదురుగ కూసుంటది" అని రాజమల్లే చెప్పిండు. పొద్దుగాల తనే చేసి పంపిండు గూడ. అప్పటిసంది జవాబు లేదు. సంపత్ ఫోన్ చూసుడు, మొఖం చిన్నగ చేసుకునుడు. ఆ మొఖం చూడలేకనే రాజమల్లు మొదలువెట్టిండు.

"రంది పెట్టుకోకురా. పంపే ముందు భివండిల మా బామ్మర్ది పరమేశ్‌కు పంపి చూసిన. ఒక్క ఒత్తు గూడ చెదరలే. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? మా సేట్ కంప్యూటర్ల పెట్టిన. అది ఉత్త గుజరాతీ కంప్యూటర్, తెలుగు మొఖమే చూడలే. గసొంటి దాంట్ల గూడ కార్డు సక్కగ తెరుసుకున్నది. సేట్ వచ్చి ముహూర్తం గడగడ సదివిండు."

"సేట్‌కు తెలుగొస్తదా?" సారక్క చాయ్ వడపోసుకుంట అడిగింది.

"రాదు. గదే చెప్తున్న, పీడీఎఫ్ అంటే గంత సాఫ్ ఉంటది."

సంపత్ పెదవి జర కదిలింది. నవ్వుతున్నడు అనుకున్నడు రాజమల్లు. ఇగ ఆయన నాలుకకు కాళ్లొచ్చినయి. పరమేశ్ అసలు ఫోనే ఎత్తలేదు, కార్డు చూసిండో లేదో గూడ తెల్వదన్న సంగతి మనసుల మెదిలింది గాని, అది చెప్పేతందుకు నాలుక ఆగలే.

"ఎవడో ఆ కార్డున్న పెన్‌డ్రైవ్ తీస్కపోయి ఎంబ్రాయిడరీ మిషన్ల పెట్టిండు. అది ఇంత పెద్ద మిషన్, పూలు కుట్టాలె. పూలు బందు పెట్టి చీరె అంచు పొడుగూత నీ పెండ్లికార్డు కుట్టింది. వరుని పేరు, వధువు పేరు, విందు ఎన్నిగంటలకో అది గూడ, జరీ దారంతోని. మార్కెట్ల ఆ చీరెకు ఎంత గిరాకంటే, కాశీల ఆడోళ్లు నీ పెండ్లిపిలుపు కట్టుకోని గంగల మునుగుతున్నరు."

"మరి వాళ్లందరు లగ్గానికొస్తే? నలభై మందికే పర్మిషన్ ఉన్నది కాకా" అన్నడు సంపత్.

"ఇనురా. ఆడికెల్లి కార్డు వరాఛాకు పోయింది. వజ్రాలు కోసే మిషన్ల పడితె, ఆవగింజంత రాయి మీద కార్డు మొత్తం చెక్కింది. ఆ రాయి ఉంగరంల పెట్టుకున్న మనిషి హజీరా రేవుల ఓడ ఎక్కిండు. ఓడ కంప్యూటర్ ఆ ఉంగరం చూసింది, చూసి సదివింది, సదివి ఓడను మలిపింది. కప్తాన్ స్టీరింగ్ ఎంత తిప్పినా ఇనదు. సిరిసిల్లకు దారేది అని అడుగుతది."

"సిరిసిల్లకు సముద్రం యాడుందయ్యా?" అన్నది సారక్క.

"గదే ఓడకు గూడ సమజ్ గాక, మీద తిరిగే ఉపగ్రహాన్ని అడిగింది. ఉపగ్రహంల గూడ తెరుసుకున్నదే కార్డు. ఇప్పుడది శుక్రవారం నీ పందిరి మీదికెల్లి పోయేతట్టు..."

సంపత్ ఫోన్ మోగింది. పాసులిచ్చే ఆఫీసు కాడికెల్లి మెసేజ్. వాడు పైకే సదివిండు: "మీరు పంపిన ఫైల్ తెరుచుకోవడం లేదు. ఈ సాయంత్రంలోగా మళ్లీ పంపండి."

సారక్క స్టవ్ బందు చేసి రాజమల్లు దిక్కు చూసింది.

"వాళ్ల కంప్యూటర్ పాతదై ఉంటది" అన్నడు రాజమల్లు. ఆ మాట తనకే నమ్మబుద్ధి గాలే.

మూలకు కూసోని తన ఫోన్ చూసుకుంటున్న సారక్క బిడ్డ అనురాధ తలెత్తింది. సూరత్‌లనే పుట్టి పెరిగి, మార్కెట్ల బిల్లులు కొట్టే పిల్ల. "కాకా, ఆ పీడీఎఫ్ ఎట్ల చేసినవ్?"

"చేసుడేంది బిడ్డా? ఫైల్ పేరు చివర్ల డాక్ అని ఉంటది గదా. అది కొట్టేసి పీడీఎఫ్ అని రాసిన."

"బస్, ఇత్నా హీ?"

"ఇంకేం గావాలె? రోజు గోదాంల మేం చేసేది గదే. పాలిస్టర్ చీరె మీద పట్టు లేబుల్ అంటిస్తే పట్టే అయితది. ఎవలు ఇప్పి చూస్తరు?"

"కంప్యూటర్ ఇప్పి చూస్తది కాకా" అన్నది అనురాధ. "పేరు మారింది గాని లోపల సరుకు వర్డే."

"శుక్రవారం నా లగ్గం కాకా." సంపత్ లేచి నిలబడ్డడు. "ఇయ్యాల పాస్ రాకపోతే అక్కడ పందిట్ల పిల్ల ఒక్కతే కూసుంటది."

కాశీల గంగ, వరాఛా రాయి, హజీరా ఓడ అన్నీ కలిసి రాజమల్లు మెడకు చుట్టుకున్నయి. యాబై ఏండ్ల మనిషిని, ఎవడన్న నవ్వితె చాలు, లేని ఓడను ఎండిన నేల మీద నడిపిస్త అని తనను తనే తిట్టుకున్నడు. "తప్పైందిరా" అన్నడు. ఆ రోజు ఆయన చెప్పిన అన్నిట్ల చిన్న మాట గదే.

అనురాధ అప్పటికే షట్టర్ కింద వంగుతున్నది. "దుకాణంల కంప్యూటర్లనే తెరువాలె, అక్షరాలు దాంట్లనే ఉన్నయి. సేవ్ చేసేటప్పుడు పీడీఎఫ్ అని ఎంచుకుంటే అప్పుడు నిజంగ మారుతది. చలో సంపత్ భాయ్." ఇద్దరు ఉరికిండ్రు.

చీకటి పడకముందే సంపత్ తిరిగొచ్చిండు. ఫోన్ల పాస్ ఉన్నది. కండ్లల్ల నీళ్లు, మూతి మీద నవ్వు. పాస్ సారక్కకు చూపెట్టిండు, రాజమల్లుకు గూడ చూపెట్టిండు. రాజమల్లు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, గుండె కుదుటపడి, గొంతు సవరించుకున్నడు.

"అయితే గాని, పీడీఎఫే పంపాలె అని ముందుగాల చెప్పింది ఎవలు?"

"నువ్వే చెప్పినవ్ తియ్యి" అన్నది సారక్క, గ్లాసులు కడుక్కుంట. "పొద్దుగాలటి సంది నీ ఫైలు తెరుసుకోలే, నీ నోరు మూసుకోలే. ఇగ లే, కొట్టు బందు చెయ్యాలె."