రెండు సంస్థలు, ఒకే ఎరుపు

"మీరే నా మనవరాలికి విషం తాగించారు!"

కంబోడియాలో మెకాంగ్ నది ఒడ్డు పల్లెలో, ఎర్రరంగు పూసిన చేతిపంపు దగ్గర, సహాయ సంస్థ ఉద్యోగి ఒకతన్ని ఒక ముసలామె నిలదీసింది.

"పిన్నీ, నేలలోని ఆర్సెనిక్ విషం నీళ్లలో కలిసిన పంపుకి ఎర్రరంగు వేశాం. తాగొద్దని ఊరంతా చెప్పాం కదా!"

"చెప్పారు. తర్వాత ఇంకో సంస్థ వచ్చి మంచినీళ్ల పంపులు వేసి, వాటికీ ఎరుపే పూసింది. వాళ్ల జెండా రంగట! ఏ ఎరుపుని నమ్మాలయ్యా?"

"వాళ్లు మమ్మల్ని అడగలేదు."

"మీరు చెప్పారా?"

"ప్రతి సమావేశంలో చెబుదామనే అనుకుంటున్నాం..."

"రాజధాని నాంపెన్‌లో మీ రెండు ఆఫీసులదీ ఒకే వీధి. ఒకే కొట్లో కాఫీ తాగుతారు. అక్కడ నోరు పెగల్లేదా? ఏళ్ల తరబడి ఈ నీళ్లు తాగి నా మనవరాలు కుంథియా అరచేతులు ఎట్లా బొడిపెలు కట్టాయో చూడు!"

"చూశాను పిన్నీ."

"చూస్తే చాలదు. ముందు ఈ పంపు పిడి ఊడదియ్యి. తర్వాత ఫోన్ తీసి వాళ్లని పిలు. నా ఎదురుగానే మాట్లాడుకోండి!"