మన నాగుపాముకు అరవం రాదు

తాతను పాము కరిచినప్పుడు మందు జల్ది ఎందుకు పట్టలేదని అడుగుతున్నవా బిడ్డా? చెప్త, మరిచిపోకముందే చెప్త. ఈ మధ్య పొయ్యి మీద పాలు పెట్టింది గూడ యాదికుంటలేదు నాకు.

గది శనివారం... కాదు, ఏ వారమైతేంది, తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్నది. బొగ్గు బాయి బంద్. మీ తాతకు అన్నీ ఆదివారాలే. పొద్దుగాల క్వార్టర్ ఎనుక బొగ్గు కుప్పల చెయ్యి పెట్టిండు. "ఏమే, పురుగు ముట్టింది" అనుకుంట వచ్చిండు. మనోళ్లు పాము పేరు తియ్యరు గద. నేను పోయి చూస్తే పడగ ఇప్పుకోని ఉన్నది, నాగుపాము.

ఆటోల దవాఖానకు తీస్కపోయినం. పాము మందు గ్లూకోజుల కలిపి ఎక్కిచ్చిండ్రు. అయినా రెప్పలు వాలుతనే ఉన్నయి, మాట ముద్దముద్దయింది. డాక్టరమ్మ చెయ్యి పట్టుకున్న. "బతుకుతడా తల్లీ? ఇదేం మందు?"

ఆమె మంచిది, పక్కన కూసోవెట్టుకోని చెప్పింది. "అమ్మా, నాగుపాము జాతి ఒక్కటే గని తావు తావుకు విషం మారుతది. ఈ మందుకు విషం ఎక్కువ తమిళోళ్ల దిక్కు పాముల నుంచే తీస్తరు. మన దిక్కు పాము మీద ఒక్కోసారి అంత బలంగ పనిచెయ్యది. ఇంకిన్ని సీసలు ఎక్కిస్తున్నం, ఫికర్ చెయ్యకు."

చూసినవా, మనుషులకే గాదు, పాముకు గూడ యాస! ఆయన చెవుల చెప్పిన, "మన నాగుపాముకు అరవం రాదటనయ్యా, మెల్లగ నేర్పుతున్నరు" అని. ఎప్పుడూ పకపక నవ్వే మనిషి, మొఖం కదలలే. నాకింక ఏడుపు ఆగలే.

నా చేతుల ఆయన చెయ్యి ఉండె. ఒక్కసారి నొక్కిండు. బాయిల బొగ్గు తొట్లు గుంజే కాడ గంట ఒక్కటి కొడితే ఆపుమని. లగ్గమైన కొత్తల నాకు పళ్లెం మీద కొట్టి చూపిచ్చిండు. ఏడుపు ఆపిన.

పొద్దుగూకంగ కండ్లు తెరిచిండు. మొదటి మాటేందో ఎరుకేనా? "పాములకు ఎప్పుడో వేరే రాష్ట్రం వచ్చినట్టున్నది, మనకే రాలే." పక్క మంచాలోళ్లంత నవ్విండ్రు. ఇగ మొన్న మనకూ వచ్చె. గీ ముచ్చట మీ తాత చెప్పని సుట్టం లేడు, పాము పొడుగు మాత్రం ఏడాదికింత పెరుగుతది.

నాకు అన్నీ జారిపోతున్నయి బిడ్డా. రేపు నీ పేరు యాదికి రాక నీ మొఖం చూసుకుంట కూసుంటే ఏడువకు. చెయ్యి పట్టుకో. నేను ఒక్కసారి నొక్కుత.

సల్లగుండు తల్లీ... పాలు దించినవా?