హొన్నూరమ్మ కంబళి

కంబళి తీసేయండి, తీసేయండి! పోయినసారీ అదే చెప్పి పోతివి కదా మోనికమ్మా. నర్సువి నువ్వు, చెప్పి బండెక్కుతావు. తీయాల్సింది నేను. నా పెండ్లాము హొన్నూరమ్మ దాని అంచు పట్టుకుంటే విడిపించాల్సిందీ నేనే. పక్షవాతంతో ఆమెకి ఒక చెయ్యి పడిపోయింది గానీ, రెండో చేతి పట్టు యాడికీ పోలేదమ్మా!

కూర్చో. గ్లౌజులు తర్వాత వేసుకుందువు.

మేము గొర్రెలోళ్లం. కంబళికి మైల లేదంటారు మావాళ్లు. పెండ్లి దానిమిందే, దేవుణ్ణి పెట్టేదీ దానిమిందే. గొర్రెలు మేసిన బీడంతా ఇప్పుడు సోలార్ ప్యానెళ్లు. గొర్రెలు పోయినాయి, మిగిలింది ఇదొక్కటే. హొన్నూరమ్మకి ఉచ్చా దొడ్డీ తెలీకుండానే అయిపోతాయి కదా. "గుడ్డమింద పోతే మైల, కంబళిమింద పోతే లేదు" అంటాది. ఉన్ని తడిని లోపల దాచుకుంటాది, తడిమితే పొడిగానే ఉంటాది.

నేను తక్కువ తిన్నానా? మా కొడుకు ఉమేశ్ ప్యానెళ్లకు చుట్టొచ్చిన ప్లాస్టిక్ తెచ్చిస్తే దాని కింద పరిచినా. మంచం పాడుకాకూడదని! మంచం బాగుండాది. ఆమె నడుము కింద తోలే వూడొచ్చింది.

తుమకూరులో బీఎస్సీ కెమిస్ట్రీ చదివినా నేను. అమ్మోనియా వాసనకి ల్యాబ్ లోంచి అందరూ పరుగెత్తితే నేనొక్కణ్ణే నిలబడినా. మాస్టరు మెచ్చుకున్నాడు కూడా! ఇప్పుడు అదే వాసన మా ఇంట్లో. తోలు ఎట్ల నానుతాది, ఎట్ల పగులుతాది, ఫార్ములాతో సహా చెప్తా. ఏం లాభం?

ఏమంటివి? ఆ, నీళ్లా?

తాగదు. ఎందుకో తెలుసునా? తాగితే పోస్తాది, పోస్తే నేను కడగాల. మొగునిచేత కడిగించుకునేదానికి సిగ్గు! లోటా నోటికి పెడితే పండ్లు బిగిస్తాది. దాంతో ఉచ్చ చిక్కబడి పడినచోటల్లా మండుతాది. దొడ్డి గట్టిపడి ఆగిపోయి, పక్కలనుంచి నీళ్ల మాదిరి కారుతాది. భేదులనుకోని మాత్ర వేస్తిమి. ఇంకా బిగిసింది.

సరే, లోపలికి రా, తిప్పుదాం. మెల్లిగా... ఏయ్ హొన్నూరూ, మోనికమ్మే, బయటోళ్లు కాదు.

చూసినావా?

పోయినసారి పుండు రూపాయి బిళ్లంత ఉండె. ఇప్పుడు లోపల తెల్లగా కనపడేది ఏంది? గుసగుసగా చెప్పు, ఆమెకి చెవులు బాగానే ఉండాయి. ఎముకేనా?

పావగడ ఆసుపత్రికి పోతే తుమకూరంటారు, తుమకూరుకు పోతే బెంగళూరంటారు. ఆమె గడప దాటనంటాది. బస్సులో అందరూ ముక్కు మూసుకుంటారంట. ఇంట్లోనే పక్క తిప్పుతా, పొడిగుడ్డ వేస్తా ఉంటే ఇది పూడుతాదా? చెప్పమ్మా.

గ్లౌజులు తీసేస్తివి. సరే, నాకేం చెప్పొద్దులే.

ఆమెకి మాత్రం మానుతాదని చెప్పిపో. కన్నడంలో చెప్పు. తెలుగులో నేను రోజూ చెప్తానే ఉండా, నమ్మేది లేదు. కన్నడమైతే ఆఫీసరు చెప్పినట్టుంటాది. నమ్ముతాది.