పెళ్ళిలో పలకలేని మాట

హలో… ఆ, నేనే, ఇంకెవరు? ఎక్కడున్నారండీ?

…కార్లోనా? కార్లో ఏం పని?

…గాలి కోసమా. ఇన్నాళ్ళూ రేవులో పడవలు బాగుచేసిన మనిషికి ఇవాళే గాలి కావాల్సొచ్చిందా?

వినండి. కేకు కోశారు, స్నేహితుల పాటలయ్యాయి. ఇక మీ మాటలే మిగిలాయి. కార్యక్రమం నడిపే అమ్మాయి నా వంక చూడ్డం, నేను తలుపు వంక చూడ్డం— తల కొట్టేసినట్టుంది నాకు.

…వియ్యపురాలా? ఆవిడెందుకు మాట్లాడుతుంది? పెళ్ళికొడుకు తండ్రి ఉంటే ఆయన మాట్లాడేవాడు. లేడాయె. రెండిళ్ళ తరఫునా నేనే చెప్తానని తలూపింది ఎవరు?

…అదే కదా. "మా అమ్మాయి మిజుహో వివాహానికి సైషిమాషితే…" స్నానం చేస్తూ నెలంతా అదే గొణిగారు. నాకే కంఠతా వచ్చేసింది.

…అక్కడే ఎందుకు ఆగిపోతారు? నోరు తిరగని మాటా అది?

…'ఈ సందర్భాన' అనడానికి అంత పెద్ద మాటెందుకంటే— సభలో అలాగే అంటారు. మామూలుగా మాట్లాడితే మీరు "వచ్చారు, సంతోషం, తినండి" అని కూర్చుంటారు. ముందు బల్ల దగ్గర అల్లుడి ఆఫీసు పెద్దలున్నారు. పిల్ల తల దించుకోవాలా?

…నేనే ఎంచాను, అవును. పుస్తకంలో రెండున్నాయి, అతారిమాషితే, సైషిమాషితే. రెండోది కాస్త బరువుగా ఉంది, పెద్దమనిషి నోట బాగుంటుందనుకున్నా. అందులో తప్పేముంది?

…ఏంటి?

…కజుమాకి… వాణ్ణి సాగనంపిన రోజు కూడా ఈ మాటేనా?

………

నాకు తెలీదండీ. మైకు ముందు మీ పెదవులు కదలడం చూశాను. ఒక్క మాటా చెవిన పడలేదు. వాడి ఫొటో పట్టుకుని ఉన్నాను, అది జారిపోతుందేమోనని అదే ధ్యాస.

…"మా అబ్బాయి కజుమా—" వద్దు. అదంతా అప్పజెప్పకండి. ఇవాళ వద్దు.

మరి ముందే చెప్పొచ్చు కదా మనిషీ. నెలంతా గొణిగారే గానీ—

…నేను బాధపడతాననా. బాగుంది. ఇప్పుడు అతిథులు తిరిగే నడవాలో నిలబెట్టి చెప్తున్నారు, ఇది నయమా?

…ఏడవట్లేదు. ముఖానికి పూసిందంతా కారిపోతుంది, ఎలా ఏడుస్తాను?

వినండి. ఆ రెండోది వదిలేయండి. అతారిమాషితే అనండి. పెళ్ళికి, కొత్త దుకాణానికి, అలాంటి మంచి పనులకే అంటారది. దుఃఖానికి ఎవరూ అనరు. ఊఁ, ఏదీ, అనండి.

…మళ్ళీ.

…వణికితే వణకనివ్వండి. పెళ్ళికూతురి తండ్రి గొంతు వణక్కపోతేనే నలుగురూ ఏదో ఒకటి అనుకుంటారు.

…అదీ రాకపోతే… రాకపోతే ఏదీ వద్దు. "నేను మిజుహో నాన్నని" అని మొదలెట్టండి. ఆఫీసు పెద్దలు ఏమైనా అనుకోనీ.

…ఏంటీ?

…వాడి పేరా? ఇక్కడా? శుభమా అని పెళ్ళి చేసుకుంటూ… వియ్యాలవారు ఏమనుకుంటారండీ—

……

చెప్పండి.

…చెప్పండి అన్నానుగా. చెల్లెలి పెళ్ళి. వాడుంటే ఈపాటికి తాగి, ఆ మైకు లాక్కునేవాడు. మీ మాటల దాకా రానిచ్చేవాడా.

…ఊఁ. ఇంజిన్ ఆపి రండి. ఈ కిమోనోలో నేను పరుగెత్తలేను, మీరే రావాలి.

…ఆ, కనిపిస్తున్నారు. టై పక్కకి పోయింది. ఎడమ వైపుకండీ… మీ ఎడమ— ఉండండి, నేను సర్దుతాను. పెట్టేస్తున్నా.