కుంట ఎండకముందే

ధర్మవరంలోని ఫోటో స్టూడియోకు ఏడో నెల గర్భిణి ఒకామె వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“నీళ్ళ అడుగున ఫోటో తీస్తావంట కదా, అన్నా?”

“తీస్తామమ్మా. పుట్టపర్తిలో హోటల్ పూల్ ఉండాది. నీళ్ళు అద్దం మాదిరి ఉంటాయి.”

“అది వద్దు. మా చేనులో కుంట ఉండాది. ఆడ తియ్యాల.”

“ఆ బురదలో నీ మొగమే అగపడదు. ఈతన్నా వస్తాదా?”

“మా ఊర్లో ఎవురికీ రాదన్నా. నీళ్ళు చూసుంటే కదా వచ్చేది! పోయినేడు కుంట నిండినాదని టెంకాయ కొట్టి గంగపూజ చేసినాము. ఆ సాయంత్రమే నా పెద్దోడు అందులో పడి సచ్చిపోయినాడు.”

“అయ్యో... మళ్ళా ఆడికే ఎందుకమ్మా?”

“కుంట ఎండిపోతాండాది. మొగం అగపడకున్నా పర్వాలేదు. నీళ్ళుండంగానే నా ఇద్దరు బిడ్డలతో ఒక్క ఫోటో తియ్యన్నా.”